ఎలుక యిచ్చిన సాక్ష్యము
(పత్తికొండ వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



ఈ సభలో మాటాడుటకై కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము పిలిచినపుడు, అయ్యవారు ఏ కావ్యమును గూర్చియో, ఏ శతకమును గూర్చియో చెప్పుదురని వారు తలఁచియుందురు. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో శబ్దమంజరిని, అమరమును వల్లె వేయించినవారికి అదియే తగిన పని. మేమో, కాలేయమునఁ గొవ్వు చేరు జబ్బును గూర్చియు, దానిని తెలిసికొనుటకై శాస్త్రజ్ఞులు కుక్కలకును ఎలుకలకును ఏమేమి మేపి చూచిరో దానిని గూర్చియు చెప్పఁదలఁచితిమి. కార్యదర్శిగారికి ఈ మాట చెప్పఁగా వారు కొంతసేపు మావంకఁ జూచి, “ఎలుకలా, అయ్యవారూ?” అనిరి. ఔను, ఎలుకలే.

దీనికిఁ గారణము మా యింటిలోనే యున్నది. మా కడసారి తమ్ముఁడు ఈ యూరి పేటలోనే అంగడి పెట్టుకొని బ్రదికినవాఁడని మీలోఁ బలువుర కెఱుక. ఉదయము గల్లాపెట్టెయొద్దఁ గూర్చున్నవాఁడు రాత్రి దీపము పెట్టి చాలసేపైన పిమ్మటఁగాని లేచెడివాఁడు కాఁడు. మద్యము మాట యటుండఁగా, తాంబూలమునఁ బొగాకు సైతము వేసికొని యెఱుఁగఁడు. అట్టివానికి కన్నులు పచ్చవడి, కాళ్లు వాచి, కడుపున నీరు చేరెను. పట్టణములోని యొక వైద్యశాలకుఁ దీసికొనిపోఁగా, అచ్చటి వైద్యుఁడు కాగితములు తిరుగవేసి, తలయెత్తకయే, “ఎన్నేండ్లనుండి త్రాగుచున్నావు?” అని యడిగెను. త్రాగఁడని మేము చెప్పితిమి. “అందఱును ఇట్లే చెప్పుదురు” అనెను. ఆ వైద్యశాల పేరు, ఆ వైద్యుని పేరు ఇచటఁ జెప్పఁబోము. అతనిపై మాకుఁ గోపమును లేదు. కాని ఆ మాట గోడలు దాఁటి బయటికి వచ్చెను. మా తమ్ముఁడు ఎనిమిది నెలలలో గతించెను. అంతకు మున్నే నిశ్చయమైన అతని కొమార్తె సంబంధము, తండ్రి రహస్యముగాఁ ద్రాగెడివాఁడఁట యన్న మాటచేఁ దప్పిపోయెను. తప్పించినవారు ఈ కులమువారే. వారిలోఁ గొందఱు ఈ సభయందే యుండవచ్చును. ఉన్నచో, వారు కోపింపక మా మాట కడవఱకు వినవలెనని ప్రార్థించుచున్నాము.

ఆ తరువాత మేము మాకుఁ దెలియని శాస్త్రమును చేతనైనంత చదువుకొంటిమి. వైద్యులైన మన యువకులు కొందఱు పుస్తకములిచ్చిరి, తప్పులు దిద్దిరి. మేము నేర్చినదానిలోఁ బ్రధానమైన దొక్కటే. త్రాగని మనుష్యునకుఁ ద్రాగినవాని కాలేయమే రావచ్చునని మొట్టమొదట రుజువు చేసినది మనుష్యులు కారు, పంజరములోని యెలుకలు.

మొదట ఆ యవయవమును గూర్చి రెండు మాటలు. సంస్కృతమున దీనికి యకృత్తని పేరు. లాటినుభాషలోని ఈకూర్, గ్రీకుభాషలోని హేపర్ అను మాటలు దీనికి సోదరములని భాషాశాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. తెలుఁగునఁ గాలేయమనుచున్నాము. మాంసము కొట్టు నంగళ్లలో కార్జమందురు. రక్తమును వహించు స్రోతస్సులకు యకృత్తును ప్లీహమును మూలములని చరకసంహిత చెప్పినది. మితిమీఱిన స్థూలకాయుని చరకుఁడు నిందితులైన యెనమండ్రలో నొకనిగా నెంచెను. ఒడలి కొవ్వును గూర్చి మనవారికి నాఁడే విచారమున్నదనుట కిది చాలును. కాని వెలుపల సన్నముగానున్నవాని కాలేయమునఁ గొవ్వుండుటను కంటితోఁ జూచుటకు వారికి సాధనము లేకపోయెను.

కాలేయమునకు బలవంతముగాఁ గొవ్వు పట్టించు విద్య మాత్రము మిక్కిలి ప్రాచీనము. పూర్వము ఈజిప్టుదేశమువారు పెద్దబాతులకు గొంతులోఁ గూరి కూరి మేఁత పెట్టెడివారు. రోమకులు వానికి అత్తిపండ్లు మేపిరి. అత్తిపండునకు లాటినున ఫీకుస్ అని పేరు. అత్తిపండ్లు మేపిన కాలేయము ఫికాటుమ్ ఆయెను. తుదకు ఆ విశేషణమే నిలిచి, అసలు పేరైన ఈకూర్ అడుగంటెను. ఇటలీవారి ఫేగతో, ఫ్రెంచివారి ఫ్వా అను కాలేయవాచకములు ఈ ఫికాటుమ్ నుండియే పుట్టినవి. ఒక దేశపు నోటిరుచి ఒక యవయవమునకుఁ బేరు పెట్టుట మే మింకెచ్చటను వినలేదు. ఆ బాతులకు మద్యము పోసినవారు లేరు. పిండిపదార్థము, తీపి, కదలనీయకుండుట, ఈ మూఁటితోనే వాని కాలేయములు పొంగినవి. వండి తిన్నవా రెవ్వరును అందులోని శాస్త్రమును తలఁపలేదు.

ఇఁక జంతువునుఁ జూచి మనుష్యుని తెలిసికొనుట యెట్లు? న్యాయశాస్త్రము చదివినవారికి ఉపమానప్రమాణము క్రొత్త కాదు. గవయమును ఎన్నఁడును చూడని నగరవాసికి అది యావును బోలి యుండునని అరణ్యవాసి చెప్పును. ఆ పోలికను బట్టి యతఁ డడవిలో గవయమును గుర్తించును. అంతమాత్రమునఁ బాలు పిదుకుటకుఁ జెంబు తీసికొని పోవువాఁడు మూఢుఁడు. పోలిక యెచ్చటఁ దెగునో తెలిసినపుడే ఉపమానము ప్రమాణమగును. సుశ్రుతుఁడు శస్త్రవిద్య నేర్చు శిష్యుని తొలుత గుమ్మడి, సొర మొదలగు కాయలను కోయుమనెను. చచ్చిన పశువుల సిరలపైనను, తామరతూండ్లపైనను నరము కోయుట నభ్యసింపుమనెను. మనుష్యునిపైఁ గత్తి పెట్టుటకు ముందు వేఱొకదానిపై నేర్వవలెననుట ఆయన మతము. నేఁటివారు జంతువును మనుష్యునకుఁ బ్రతిరూపముగాఁ గైకొని చేయుచున్న పరీక్షలకు మూలము ఈ యూహయే.

ఇప్పుడు కెనడాదేశపు టొరంటో నగరమునకుఁ బోవుదము. 1921వ సంవత్సరమున బాంటింగు, బెస్టు అనువారు అచ్చటనే ఇన్సులినును కనుఁగొనిరి. మధుమేహమున కిది యమృతమని లోకమెల్లఁ గొనియాడెను. క్లోమము తీసివేసిన కుక్కలను ఇన్సులినుతో బ్రదికించి, అవి యెంతకాలము సుఖముగ నుండునో అచ్చటి శాస్త్రజ్ఞులు చూచుచుండిరి. కొన్ని నెలలు గడచినపిమ్మట, రక్తములోని చక్కెర అదుపులోనున్నను, ఆ కుక్కలు క్షీణించి చచ్చెను. కోసి చూడఁగా కాలేయములు పెద్దవై, పచ్చవడి, కొవ్వుతో నిండియుండెను. ఈ సంగతి 1924లోఁ బ్రకటింపఁబడెను. పచ్చి క్లోమమును ఆహారమునఁ గలిపి పెట్టఁగా ఆ జబ్బు రాలేదు. క్లోమములో నేమున్నది? అందులోని లెసిథిన్ అను పదార్థమే పనిచేయుచున్నదని తేలినది. లెసిథినులో నేమున్నది? 1932లో బెస్టును అతని సహచరులును ఎలుకలపైఁ బరీక్షించి, అందలి కోలీన్ అను చిన్న యంశమే కాలేయమునుండి కొవ్వును వెడలించుచున్నదని నిర్ణయించిరి. కోలీను మొదటఁ బైత్యరసమునుండి తీయఁబడినది. ఖోలే యనఁగా గ్రీకుభాషలోఁ బిత్తము. అందుచేత దాని కా పేరు.

దీని యర్థమును మన పల్లెమాటలలోఁ జెప్పెదము. కాలేయము ఒక మండీ వంటిది. సరకు వచ్చును, సరకు పోవును. కొవ్వును మూటకట్టి రక్తమను బండిపై నెక్కించుటకు గోనెసంచులు కావలెను. ఆ సంచులు కుట్టుటకుఁ గావలసినది కోలీను. సంచులు లేనిచో సరకు మండీలోనే పేరుకొనును. లేదా, సంచులున్నను, వచ్చు సరకు మితిమీఱినచో మండీ నిండును. మన టమాటాల సంతలో ధర పడిపోయిన దినమున ఏమగునో మీరే చూచియున్నారు. నిలువయున్నది క్రుళ్లును. కాలేయములో నిలిచిన కొవ్వు కొందఱికి ఊరకుండును. మఱికొందఱికి మంట పుట్టించును. ఆ మంట యేండ్లతరబడి యుండినచో కాలేయము నారకట్టి, గట్టిపడి, సిరోసిస్ అను దశకు వచ్చును. మా తమ్మునికి వచ్చినది ఈ తుది దశయే. నడుమనున్న దశలలో నొప్పి లేదు, గుర్తు లేదు. అదియే దీని మోసము.

ఇఁక మా యుపన్యాసమునకుఁ బేరిచ్చిన యెలుకల కథ. నాఁటి వైద్యులలోఁ జాలమందికి మద్యము, సిరోసిస్ అను రెండును ఒక్క మాటవలెనే యుండెను. 1949లో బెస్టును, అతనితోఁ గూడ హార్ట్రాఫ్టు మొదలగువారును ఒక పరీక్ష చేసిరి. కోలీను తక్కువగానున్న ఆహారము తినుచున్న ఎలుకలలో ఒక గుంపునకు మద్యసారముఁ గలిపిన నీరు పోసిరి. వేఱొక గుంపునకు మద్యసార మెంత శక్తి నిచ్చునో సరిగ నంత శక్తి నిచ్చు చక్కెరను పెట్టిరి. కొంతకాలమునకు కాలేయములను సూక్ష్మదర్శినితోఁ జూచిరి. త్రాగిన యెలుక కాలేయమును, తీపి తిన్న యెలుక కాలేయమును ఒకే తీరునఁ జెడియుండెను. కోలీను చాలినంతగా నిచ్చిన యెలుకలు రెండు విధములఁ గూడ రక్షింపఁబడినవి. ఇంగ్లండు వైద్యపత్రికలో నా సంవత్సరముననే ఇది యచ్చయ్యెను.

ఈ భాగమును చదివిననాఁడు మేము పుస్తకము మూసి చాలసేపు వసారాలోఁ గూర్చుంటిమి. ఆ యెలుకను ఎవ్వరును ఎన్నేండ్లనుండి త్రాగుచున్నావని యడుగలేదు. దానికి రహస్యము లేదు, పరువు లేదు, పంజరమునుండి బయటికిఁ బోయి త్రాగివచ్చు దారియును లేదు. దాని నోటికి వచ్చినది చక్కెర యొక్కటే యని ప్రతిదినము వ్రాసిపెట్టిన పుస్తకమున్నది. మనుష్యుని మాట నమ్మనివాఁడు సైతము దాని సాక్ష్యమును త్రోసివేయలేఁడు.

సాక్ష్యము చెప్పినంతటనే లోకము వినునా? అమెరికాదేశపు రాచెస్టరులోని మేయో వైద్యాలయమున లుడ్విగను వైద్యుఁడు, త్రాగుడులేని ఇరువదిమంది రోగుల కాలేయములలోఁ ద్రాగుఁబోతులయందుఁ గనఁబడు మార్పులనే చూచి, ఆ జబ్బునకుఁ బ్రత్యేకమైన పేరు పెట్టినది 1980లో. ఎలుకల పరీక్షకు ముప్పదియొక్క యేండ్ల తరువాత! ఆ పేరులోను ‘మద్యముచేఁ గానిది’ యని మద్యము మాట దిగనే లేదు. 2023లో దేశదేశముల వైద్యసంఘములవారు కూడి, ఆ మాటనుఁ దొలఁగించి, శరీరములోని పచనవ్యాపారము చెడుటచే వచ్చు కొవ్వుకాలేయ మను నర్థమిచ్చు పేరు నిలిపిరి. పేరు మార్చుటలో నేమున్నదని కొందఱనవచ్చును. పేరు చెడి సంబంధము తప్పిన యింటివారి నడుగుఁడు.

ఇచ్చట మే మొక న్యాయము చేయవలసియున్నది. 1949 నాఁటి పరీక్షను బట్టి, మంచి భోజనముతోఁ ద్రాగినచో మద్యము కాలేయమునకు హాని చేయదని కొందఱు తలఁచిరి. అది తప్పు. న్యూయార్కులో లీబరను శాస్త్రజ్ఞుఁడు 1970 దశకమున బబూనులనెడి పెద్దకోఁతులకుఁ బుష్టికరమైన ఆహారముతోఁ బాటే మద్యమును ఇచ్చి చూడఁగా, వానిలోఁ గొన్నిటికి సిరోసిస్ వచ్చెను. ఎలుక చక్కెరను నేరస్థురాలిని చేసినది. అంతమాత్రముచేత మద్యము నిర్దోషి కాలేదు. యువకులు ఈ వాక్యమును ప్రత్యేకముగా గుర్తుంచుకొందురుగాక.

ఈ విద్యలో మన దేశమును, మన తెలుఁగునాఁడును వెనుకఁబడలేదు. 1918లో నీలగిరిలోని కూనూరున మెకారిసన్ అను దొర బెరిబెరి జబ్బును విచారించుటకై చిన్న శాల నొకదానిని పెట్టెను. ఆయన చేసిన యొక పరీక్ష మన కెల్లరకును హాస్యముగాఁ దోఁచును. హిందూదేశములోని వివిధ ప్రాంతములవారు తిను భోజనములను ఆ విధముగానే వండించి, ఒక్కొక్క గుంపు ఎలుకలకు ఒక్కొక్క దేశపు భోజనమును పెట్టెను. గోధుమరొట్టె, పాలు, కూరగాయలతోఁ గూడిన సిక్కుల భోజనము తిన్న ఎలుకలు బలిసెను. మర దంచిన బియ్యమే ప్రధానముగాఁ గల మదరాసు భోజనము తిన్నవి కృశించెను. మన మప్పుడు మదరాసు రాజధానిలోనివారమే కదా! అయినను జొన్నరొట్టె తిన్న మన సీమవారిని ఆయన ప్రత్యేకముగాఁ జూచియుండినచో ఫలము వేఱుగా నుండెడిదని మా నమ్మకము. ఇది శాస్త్రము కాదు, స్వదేశాభిమానము.

ఆ శాల 1958లో హైదరాబాదునకు మార్పఁబడి, 1969నుండి జాతీయ పోషణసంస్థ యను పేర తార్నాకలో వెలయుచున్నది. అచ్చటి తెల్ల ఎలుకల సంతతి కూనూరునాఁటినుండి వచ్చినది. 1996లో ఆ సంతతియందుఁ దమంతట తామే కొన్ని లావు ఎలుకలు పుట్టెను. వానిని మేపి లావు చేసినవారు లేరు. ఆఁకలి తీఱక తినును. రక్తములో ఇన్సులినును, కొవ్వును ఎక్కువ. కడుపు నిండినదని మెదడునకుఁ జెప్పు లెప్టిన్ అను రసము వానికి లేకపోలేదు, సమృద్ధిగా నున్నది. వినువాఁడే లేఁడు. అమెరికాలోని బార్ హార్బరులో 1949లోఁ గనఁబడిన లావు చిట్టెలుకకు ఆ రసమే లేదని 1994లోఁ దేలినది. మన హైదరాబాదు ఎలుక దానికంటె మన మనుష్యులకు దగ్గఱ, ఏలయన స్థూలకాయులైన మనుష్యులలోఁ బెక్కుమందికి లెప్టిను కొఱఁత లేదు. ఈ యెలుకల కాలేయములందును కొవ్వు చేరుట శాస్త్రజ్ఞులు చూచిరి. ఫ్రక్టోజను ఫలశర్కరను అధికముగా మేపిన మామూలు ఎలుకలపైనను ఆ సంస్థలోఁ బరీక్షలు జరిగినవి.

ఈ లావు ఎలుకలు సంతానహీనములు. వంశము నిలుపుటకు, లోపమును సగము మాత్రమే మోయుచున్న తోఁబుట్టువులను జతపఱతురు. అట్టి జతకుఁ బుట్టినవానిలో నాల్గింట నొకటి లావైనది, రెండు సగము మోయునవి, ఒకటి సన్ననిది. దగ్గఱ రక్తములో జతపఱచుటచే రెండు వైపుల లోపము ఒక్కచోఁ జేరును. మేనరికములను గూర్చి ఈ వేదికపై మాటాడుటకు మాకు ధైర్యము చాలదు. మా వివాహమే మేనరికము. కావున ఎలుకల సంగతి చెప్పి యూరకుందుము.

ఇఁక పోలిక యెచ్చటఁ దెగునో చెప్పవలెను. లేనిచో గవయమును పిదుకువారమగుదుము. కోలీనును, మెథియోనినను నింకొక యంశమును తీసివేసిన ఆహారము పెట్టినచో చిట్టెలుకలకుఁ గొన్ని వారములలోనే కాలేయము మండి నారకట్టును. శాస్త్రజ్ఞునకుఁ గాలము కలిసివచ్చును. కాని ఆ చిట్టెలుక చిక్కి సగమగును. మన రోగి చిక్కఁడు, పెక్కుసార్లు బొజ్జతో నుండును. పుట్టుకతో లావైన ఎలుకలకుఁ గొవ్వు సులభముగాఁ జేరును, నార మాత్రము తనంతట సులభముగాఁ గట్టదు. కొవ్వును, ఫలశర్కరను కలిపి నెలలతరబడి మేపినచో రోగము మన దానిని బోలి యుండును గాని, కాలము పట్టును, ఫలము ఒక్కతీరున రాదు. అన్ని విధములఁ బోలిన జంతువు ఒక్కటియు లేదు. ఒకటి కొవ్వు చేరుటను చూపును, ఒకటి మంటను, ఒకటి నారను. గ్రుడ్డివారును ఏనుఁగును అను కథ ఇచ్చట తలక్రిందైనది. చూచువాఁడొక్కఁడే, ఏనుఁగులు పెక్కు.

ఇందులో వింత యొకటి. ప్రయోగశాలలలో చిట్టెలుకలను ఇరువదిరెండు డిగ్రీల చల్లనలో నుంచుట వాడుక. పనిచేయు మనుష్యులకు అది సుఖము, చిట్టెలుకకు చలి. వెచ్చఁదనమునకై అది తన కొవ్వును తానే దహించుకొనును. ముప్పది డిగ్రీల వెచ్చనలో నుంచి అదే కొవ్వుమేఁత పెట్టఁగా కాలేయపు జబ్బు ముదిరెనని 1ప్రకటింపఁబడినది 2017లో. ఇన్నాళ్లును ఆఁడు చిట్టెలుకలకు ఈ జబ్బు రాదనుకొనుట కూడ ఆ చలివలననే యని తేలినది. పత్తికొండ వేసవిలో మన మెంత వెచ్చగానుందుమో వేఱుగఁ జెప్పనేల?

మన యిండ్లకు వత్తము. మా బాల్యమున ఈ ప్రాంతమున జొన్నరొట్టె, కొఱ్ఱన్నము, సజ్జరొట్టె, వేరుసెనగ ఊరుబిండి, దినముభోజనము. వరియన్నము పండుగకును, చుట్టము వచ్చినపుడును. 1983లోఁ గిలో రెండు రూపాయల బియ్యము వచ్చినపుడు బీదవారి యాఁకలి తీఱినది. ఆ మేలును మఱచుట కృతఘ్నత. కాని ఆ వెనుకనే తెల్లబియ్యము మూఁడుపూటలది యైనది, గానుగనూనె పోయి పామాయిలు వచ్చినది, వీధివీధిని బేకరీ వెలసినది, పిల్లవానిచేతికి శీతలపానీయపు సీసా వచ్చినది. చేను దున్నినవాఁడు తిన్నంత గల్లాపెట్టెవద్దఁ గూర్చున్నవాఁడు తినుచున్నాఁడు. చక్కెరలో సగము ఫలశర్కర. ఇందలి పెక్కుపాలు కాలేయమే పట్టుకొని, మితిమీఱినదానిని కొవ్వుగా మార్చును. బెల్లమున నీ దోషము లేదని మన పెద్దలలోఁ గొందఱు వాదింతురు. బెల్లమును చెఱకుచక్కెరయే. రంగు వేఱు.

హైదరాబాదులోఁ గంప్యూటరు కొలువులు చేయువారు మూఁడువందలకుఁ బైఁబడినవారిని పరీక్షింపఁగా నూటికి ఎనుబదినలుగురి కాలేయములలో కొవ్వు అధికముగా నున్నదని 2025లో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులును వైద్యులును ప్రకటించిరి. అచ్చట మన పిల్లలెందఱున్నారో మీ రెఱుఁగుదురు. బొజ్జ లేనివారు నిర్భయముగా నుండఁదగదు. పశ్చిమబంగాళపు పల్లెలలో జరిగిన పరిశీలన యొకటి 2010లోఁ బ్రకటింపఁబడినది. అందు ఈ జబ్బు కలవారిలోఁ బెక్కురు లావులేని శ్రమజీవులే. అయినను నిరాశకుఁ గారణము లేదు. దేహపు బరువు నూటికి ఏడు మొదలు పదిపాళ్లు తగ్గినచో కొవ్వే కాక మంటయుఁ దగ్గునని వైద్యులు మనుష్యులలోనే చూచిరి. దీనికై ప్రత్యేకముగా నొక మందును అమెరికా ప్రభుత్వము మొదటిసారి 2024లో నంగీకరించినది.

ఒక ప్రశ్న మిగిలినది. మేము దీనిని వ్రాయుచున్నపుడు మా గృహిణియే దాని నడిగినది. చీమకు నూక వేయు కులము మనది, ఇన్ని మూఁగజీవముల బాధనుండి వచ్చిన జ్ఞానమును మనము వాడుకొనవచ్చునా యని. ఇందుకు సమాధానము వెదకుచు మేము గుత్తికిని పత్తికొండకును నడుమనున్న ఎఱ్ఱగుడి బండలయొద్దకుఁ బోతిమి. అశోకుని శాసనములు అచ్చట నున్నవి. మొదటి శాసనమున ఆ రాజు, పూర్వము తన వంటశాలలో దినదినము లక్షలకొలఁది ప్రాణులు చంపఁబడెడివనియు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే యనియు, ఇఁకమీఁద అవియును చంపఁబడవనియు వ్రాయించెను. రెండవ శాసనమున మనుష్యులకును పశువులకును గూడ చికిత్స యేర్పఱచితిననెను. ఆ రాజు ఎలుకల పరీక్షకు ఒప్పుకొనియుండునో లేదో చెప్పుటకు మేము చాలము. కాని ఆయన లెక్క వ్రాసెను. ఎన్నిటిని చంపుచుంటిమో దాఁచలేదు. ఎన్నిటికిఁ దగ్గించితిమో చెప్పెను. తగ్గింపఁబోవుదుమనెను.

నేఁటి శాస్త్రజ్ఞులలో ధర్మభీతి గలవారు ఇట్లే చేయుచున్నారు. జంతువు లేకయే జరుగు పనికి జంతువును వాడరాదు, వాడక తప్పనిచో సంఖ్య తగ్గింపవలెను, బాధ తగ్గింపవలెను అను మూఁడు నియమములను రస్సెల్, బర్చి అను నిరువురు 1959లో నేర్పఱచిరి. మన దేశమున 1960 నాఁటి జంతుహింసా నివారణ చట్టము క్రింద ఇట్టి పరీక్షలను కనిపెట్టుటకు సంఘమున్నది. మా గృహిణికి ఈ సమాధానము సగమే తృప్తి నిచ్చినది. మాకును అంతే. ఋణము తీఱినదని చెప్పలేము, ఋణమున్నదని మాత్రము ఒప్పుకొందుము.

తుదకు కార్యనిర్వాహకవర్గమువారికి రెండు విన్నపములు. సంబంధములు విచారించునపుడు, తండ్రికి కాలేయపు జబ్బున్నదన్న మాట వినఁబడినచో, త్రాగుడని వ్రాసికొనక, వైద్యుని కాగితము చూడవలెనని వివాహవిచారణ శాఖవారికిఁ దెలుపఁ బ్రార్థన. మా తమ్ముని కొమార్తెకు ఆ తరువాత మంచిసంబంధమే కుదిరినది, పిల్లలతో సుఖముగానున్నది. అడుగుట ఆమెకొఱకుఁ గాదు. రెండవది స్వల్పము. నేఁటి విందుపట్టికలో పూర్ణము, జిలేబి, పాయసము, దానిపై నొక లడ్డు కనఁబడినవి. వడ్డించువారు మా విస్తరిలో ఏదైన నొక్కటి వేసినఁ జాలును. జొన్నరొట్టె యున్నచో రెండు వేయుఁడు.